రెండుసార్లు గుంజిన తాళం

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సులో, ఇంటికి తాళం సరిగా వేశానో లేదోనని పైకే అనేశాను. పక్క సీటులోని యాభై ఏళ్ల మనిషి నవ్వాడు.

“గుంజి సూసిన్రా సార్?”

“రెండుసార్లు.”

“నేనూ గంతే. జపాన్‌ల వంటపని చేసేటప్పుడు పెద్ద భూకంపమొచ్చింది. అణు కరెంటు ప్లాంటు పాడైంది, ఊరు ఖాళీ చెయ్యమన్నరు. రెండు రోజులల్ల వస్తమనుకున్నం. తాళమేసి, రెండుసార్లు గుంజి సూసి బస్సెక్కిన.”

“మంచిదే కదా?”

“పక్కింటి ముసలమ్మ పిల్లి నా మంచం కిందనే పండేది సార్. యాదికి రాలే. క్యాంపుల ఆమె రోజూ అడిగేది, నీ తలుపు తీసే ఉంచినవ్ కదా అని. ఉంచిన అన్న. కొన్ని నెలలకు ఇంటికి ఒక్క గంట పోనిచ్చిన్రు. తలుపు లోపలి దిక్కంతా గోళ్ల గీతలే. ఆమెకు చెప్పలే. ఏడనో బతికే ఉంటదనుకుంటనే ఆమె పోయింది.”

జేబులోంచి తాళంచెవి తీసి, కాసేపు చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. మిర్యాలగూడలో దిగి వెళ్లిపోయాడు.

ఆనాటి నా డైరీలో బస్సెక్కిన వేళ, దిగిన వేళ ఉన్నాయి. అతని పేరు లేదు. అడగలేదు.

ఇప్పుడు తాళం వేసే ముందు మంచాల కింద వంగి చూస్తాను. మా ఇంట్లో పిల్లి లేదు.