చెప్పినా వినబడని నొప్పి

ఆ వీధిలో ఆమెను అందరూ మడతక్క అనేవారు. ఆమె ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కా విప్పడానికి మనసొప్పేది కాదు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో కాపురం.

పోయినేడు వాళ్లాయన బల్ల దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. వీధి వీధంతా కదిలింది. ఆగమేఘాల మీద ఆసుపత్రిలో చేర్చారు, ప్రాణం దక్కింది. ఆనాటి నుంచి ఆమె ఆయన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంది. ఉప్పు తగ్గించి వండింది, వేళకు మాత్రలు అందించింది, ఆయన వంతు బట్టలూ తనే ఇస్త్రీ చేసింది.

కొన్నాళ్లకు నాలుగు మెట్లెక్కితే ఆమెకే ఆయాసం రాసాగింది. వీపులో బరువు, దవడ కింద నొప్పి. పళ్ల డాక్టరు ఒక పన్ను పీకాడు, నొప్పి తగ్గలేదు. వీధి చివరి క్లినిక్కులో డాక్టరు బీపీ కూడా చూడలేదు.

"ముట్లు ఆగే వయసు కదమ్మా, ఇలాగే ఉంటుంది. గ్యాస్ మాత్ర రాస్తాను" అన్నాడు.

నిజమే కాబోలు అనుకుంది. గుండెజబ్బంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమని కళ్లారా చూసింది మరి.

ఒక మధ్యాహ్నం ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టి, వాంతి చేసుకుని, బట్టల మూట మీద కూలబడింది.

"ఏమండీ, నాకేదో అయిపోతోంది. ఆసుపత్రికి పోదాం."

"నిన్నటి కూర తినొద్దంటే విన్నావా? కాస్త సోడా తాగు, అదే సర్దుకుంటుంది. సాయంత్రానికి హోటలు వాళ్ల దుప్పట్లు ఇవ్వాలి" అన్నాడాయన.

సోడా తాగింది. దుప్పట్లూ ఇస్త్రీ చేసింది.

మర్నాడు చూడ్డానికొచ్చిన కూతురు తల్లి ముఖం చూసి, తండ్రినేమీ అడక్కుండానే ఆటో పిలిచింది.

"నిన్ననే గుండెపోటు వచ్చింది" అంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ. "ఛాతీలోనే నొప్పి రావాలని లేదు. ఆడవాళ్లకి చాలాసార్లు ఇలా ఆయాసం, దవడ నొప్పి, వాంతులుగానే వస్తుంది. నిన్ననే తీసుకురావాల్సింది. గుండె బాగా దెబ్బతింది."

"దీనికి నోట్లో నాలుక లేదండీ. మాతో ఒక్క ముక్క చెప్పలేదు" అన్నాడు భర్త.

మంచం మీద ఆమె కళ్లు తెరిచి ఆయన్ని చూసి, గోడవైపు తిరిగింది.

బతికి బయటపడింది గానీ, మళ్లీ ఇస్త్రీపెట్టె ఎత్తలేకపోయింది. చెంబెడు నీళ్లు తెచ్చుకోవాలన్నా ఆగి ఆగి నడిచేది. బల్ల దగ్గర ఆయనే నిలబడి కాలర్లు మాడ్చేవాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "మొండిది, నొప్పి దాచుకుంది" అని చెప్పేవాడు.

ఒకరోజు వెనక గదిలోంచి ఆమె గొంతు వినిపించింది. "దాచుకోలేదు. ఆసుపత్రికి పోదామన్నాను. మీరే కదలలేదు."

బట్టలకొచ్చిన మనిషి నేలచూపులు చూశాడు.

"మందుల వేడి సార్, ఏదో ఒకటి అంటూనే ఉంటుంది" అని భర్త చొక్కా అతని చేతిలో పెట్టాడు.