ప్రార్థన కాగితంలో ఏడో పేరు

కుళ్ళాయమ్మకు నలభై రెండో ఏట, ఒకే నెలలో రెండు వింతలు జరిగాయి. దేశం దాటి పొమ్మని పిలుపు వచ్చింది. పాస్టరుగారి మీద కోపం వచ్చింది. రెండోదాన్ని వింత అనడం ఎందుకంటే, పెనుకొండలో ఆ మనిషి కోపం చూసినవాళ్ళు లేరు. ధర్మవరం నుంచి వచ్చే పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టడం ఆమె పని. కొంగు చివర వేలాడే పోగులను పాయలుగా విడదీసి, మెలేసి, ముడెయ్యాలి. ఒక్క పోగు తెగినా చీర పాడవుతుంది కాబట్టి కోపిష్టి చేతులకు ఆ పని అచ్చిరాదు. ఆమె ఇరవై ఏళ్ళుగా ఆ పనే చేస్తోంది.

అలాగని మెత్తని మనిషని అనుకునేరు. బాప్తిస్మం ఇచ్చిన రోజున పాస్టరు ఇమ్మానుయేలు, ఇకనుంచి నీ పేరు ప్రిస్కిల్లా అన్నాడు. ఆ పేరుకు తన నోరు తిరగదనీ, కుళ్ళాయమ్మ అంటే దేవుడికి తెలియదా అనీ ఆమె అడిగింది. దేవుడికి తెలుసని ఒప్పుకోక ఆయనకు తప్పలేదు. అందుకే సంఘం పుస్తకంలో ఎస్తేరమ్మల నడుమ ఆమె ఒక్కతే కుళ్ళాయమ్మగా మిగిలింది.

ఈ ఏడాది హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాలు మూడూ కలిసి నేపాల్‌కు ఒక సేవా బృందాన్ని పంపాలని తీర్మానించుకున్నాయి. ఆ దేశం నుంచి ఆడపిల్లలను ఎట్లా మాయచేసి సరిహద్దు దాటించి అమ్మేస్తారో ఒక ఆదివారం తెర మీద వేసి చూపించారు. చూసి ఏడవనివాళ్ళు లేరు. సరిహద్దు దగ్గర, విడిపించుకొచ్చిన పిల్లలను ఉంచే ఆశ్రమంలో పన్నెండు రోజులు పని. బృందంలో ఎనిమిది మంది మనుషులు, ఒక బ్యానరు. నిజం చెప్పాలంటే మనుషులకంటే బ్యానరు మీదే ఎక్కువ చర్చ జరిగింది. ప్రతి శనివారం హిందూపురం చర్చి హాల్లో శిక్షణ. తోలుబొమ్మలాట ఒకటి నేర్చుకున్నారు. హిందీ పాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టారు. ఎనిమిది మందికీ ఒకే రకం నీలం రంగు సంచులు కుట్టించారు. దొంగ ఏజెంటును ఎట్లా గుర్తుపట్టాలి, మన దేశంలో ఏ నంబరుకు ఫోన్ చేయాలి అని ఒక కాగితం కూడా పంచారు. దాన్ని మడిచి సంచి జేబులో పెట్టుకున్నది కుళ్ళాయమ్మ ఒక్కతే.

ఆమెను ఎంచుకున్నది హిందీ కోసం, ఆశ్రమం పిల్లలకు ఆ భాష అర్థమవుతుంది. మిగతావాళ్ళది పాటల హిందీ, ఆమెది మాటల హిందీ. చిన్నప్పుడు ఉత్తరాది పట్నంలో ఇంటిపని చేసి వచ్చిందట అని అందరూ అనుకునేవాళ్ళు. అట్లా అనుకోనిచ్చింది ఆమే.

జరిగింది వేరు. పంతొమ్మిదో ఏట, చౌడప్ప అనే మేస్త్రీ వాళ్ళింటికి వచ్చాడు. కూలీలను పనులకు కుదిర్చే మనిషి, ఇంటిల్లిపాదికీ తెలిసినవాడు. అన్నం తిన్నాడు. కుళ్ళాయమ్మకు వంకాయ రంగు కొత్త చీర పెట్టాడు. పెద్ద పట్నంలో చీరల కంపెనీలో పని ఉందన్నాడు. ధర్మవరంలో రైలెక్కించాడు. ఎక్కించింది పనికి కాదు, అమ్మడానికి. మూడేళ్ళు ఆమె ఒక మేడ మీది గదుల్లో బతికింది. అక్కడ మాయ అనే నేపాలీ పిల్ల ఉండేది. తన రొట్టెలో సగం తుంచి పెట్టిందీ, ఎవరితో ఏం మాట్లాడాలో హిందీ నేర్పిందీ ఆ పిల్లే. పోలీసులు మేడ ఎక్కిన రోజుకు మాయను ఇంకెక్కడికో తరలించేశారు. కుళ్ళాయమ్మ బయటపడింది, మాయ పడలేదు.

ఈ సంగతి ఆమె ఒక్కరికే చెప్పింది. బాప్తిస్మానికి ముందు, తలుపులు వేసిన గదిలో, పాస్టరు ఇమ్మానుయేలుకు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇది నీకూ నాకూ దేవుడికీ మధ్య మాట తల్లీ అన్నాడు. పదకొండేళ్ళు ఆ మాట మీద నిలబడ్డాడు కూడా, కాదనకూడదు.

నేపాల్ పోవాలన్న ఆశ ఆమెకు మాయ కోసం కాదు. ఇన్నేళ్ళ తర్వాత మాయ దొరుకుతుందని నమ్మేంత పిచ్చిది కాదు. ఆ సరిహద్దు దారిలో కొందరు ఆడవాళ్ళు నిలబడి, పోయే ప్రతి బస్సులోకీ తొంగిచూసి, నీ పక్కన ఉన్నది ఎవరమ్మా అని పిల్లలను అడుగుతారని వీడియోలో చూపించారు. ఆ ఒక్క ముక్క దగ్గర ఆమె గుండె ఆగినంత పనైంది. ధర్మవరం స్టేషన్‌లో ఆ రోజు తనను అట్లా ఒక్కరు అడిగి ఉంటే! ఒక్క రోజైనా ఆ దారిలో నిలబడి తాను అడగాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఇక్కడ మన సంఘాల అలవాటు ఒకటి చెప్పాలి. ఇంకొకరి ఇంటి గుట్టు వీధిలో చెబితే అది చాడీ, పాపం. అదే గుట్టును కళ్ళు మూసుకుని, ఫలానా సహోదరి కోసం భారంతో ప్రార్థించండి అని మొదలుపెట్టి చెబితే ప్రార్థన విన్నపం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో దేవుడికంటే ముందు పక్క వరుసకు తెలుస్తుంది. చెప్పినవాళ్ళకు పుణ్యం, విన్నవాళ్ళకు కాలక్షేపం, పరువు పోయినవాళ్ళకు ఆమెన్. ప్రార్థన తప్పని నేననడం లేదు. ప్రార్థన కొంగు చాటున ఈ పని చేసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

ప్రయాణం రెండు వారాలుందనగా బృందం కోసం ప్రార్థనాంశాల కాగితం అచ్చువేశారు. మూడు ఊళ్ళ సంఘాల్లో పంచారు, ఫోన్లలో పంపారు. ఎనిమిది పేర్లు, ఒక్కొక్క పేరు కింద ఒక విన్నపం. రవితేజ అనే యువకుడికి సంగీత వరం. ఇంకొకాయనకు మోకాళ్ళ నొప్పులు. ఏడో పేరు దగ్గర ఇట్లా ఉంది: ‘అమ్మబడి, నరకకూపం నుండి విడిపించబడిన సహోదరి కుళ్ళాయమ్మ తన సాక్ష్యం ద్వారా అనేక హృదయాలను కదిలించునట్లు.’

కుళ్ళాయమ్మకు ఆ కాగితం చర్చిలో చేరలేదు. ధర్మవరం నుంచి చీరలు తెచ్చే రఫీక్ చేతిమీదుగా చేరింది. అతను ఎప్పటిలా మోపెడ్ దిగి, చీరల మూట అరుగు మీద పెట్టి, తల ఎత్తకుండా నిలబడ్డాడు.

"అక్కా, ఈ కాగితం మా వీధిలో గూడ తిరుగుతాండాది. నీ పేరు కనబడితే ఆడికే మడిచేసినా. ముందుగాల నువ్వు చూసుకో" అన్నాడు.

చదవడం అయ్యాక ఆమె మూట విప్పింది. ఆ రోజు ఒక్క కుచ్చు కూడా సరిగ్గా పడలేదు. మూడు ఊళ్ళలో తాను కుచ్చులు కట్టిన చీరలు కట్టుకుని తిరిగే ఆడవాళ్ళంతా ఆమె కళ్ళముందు వరుసగా నిలబడి ఆ కాగితం చదువుతున్నారు. మేడ మీద ఆమె ఒంటికి వెల కట్టారు. ఇప్పుడు ఆమె కథను ఉచితంగా పంచారు. రెండుసార్లూ ఎవరూ ఆమెను అడగలేదు.

సాయంత్రం పాస్టరుగారి ఇంటికి పోయింది. పాస్టరమ్మ కాఫీ తెచ్చింది, ఈమె ముట్టలేదు. కాగితం బల్ల మీద పెట్టింది. తలుపులేసిన గదిలో చెప్పిన మాట ఇది అంది. ఇమ్మానుయేలు చెడ్డవాడు కాదు, అదే బాధ. నొచ్చుకున్నాడు కూడా. నీ కోసం వేలమంది మోకరిస్తారు కదా తల్లీ, ఇందులో నీ అవమానం కాదు, దేవుని మహిమ ఉంది అన్నాడు.

"దేవుని మహిమకు మీ గుట్టు ఒకటి రాయకపోతిరా అయ్యగారూ" అంది కుళ్ళాయమ్మ.

పాస్టరమ్మ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆయన కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. బృందాన్ని సాగనంపే ఆరాధనలో ఆమె సాక్ష్యం ఉంటుందని పెద్దలకు చెప్పేశారు. ప్రయాణానికి సాయం చేసినవాళ్ళంతా అది వినడానికే వస్తున్నారు. ఆమె మైకు ముందుకు రానంటే, బృందంలో ఆమె చోటు గురించి పెద్దలు మళ్ళీ ఆలోచిస్తారు. ఈ చివరి మాట ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు.

అంటే లెక్క తేలింది. సరిహద్దులో నిలబడి ఒక పిల్లను కాపాడాలంటే, ముందు తాను వేదిక మీద నిలబడి తమాషా కావాలి. అయినా ఆ దారీ, ఆ బస్సులూ కళ్ళలోంచి పోలేదు. వస్తానని చెప్పి ఇంటికి వచ్చేసింది. ఏం మాట్లాడాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం హిందూపురం చర్చి కిటకిటలాడింది. ఆరాధన కాగానే బృందం వ్యానులో ధర్మవరం పోయి, సాయంత్రం బండి ఎక్కాలి. నీలం సంచులు ఎనిమిదీ వేదిక ముందు వరుసగా పెట్టారు. మనవాళ్ళకు వాక్యం రాసుకునే అలవాటు కాబట్టి, అందరి ఒళ్ళోనూ నోటుపుస్తకం, చేతిలో పెన్ను. ఇమ్మానుయేలు గొంతు తగ్గించి, కళ్ళనీళ్ళు పెట్టించే సాక్ష్యం వింటారిప్పుడు అని మైకు ఆమెకిచ్చాడు. నాలుగైదు ఫోన్లు పైకి లేచాయి. ముందు వరుసలో ఒకామె చేతిరుమాలు కూడా సిద్ధం చేసుకుంది.

"కాగితంలో ఏడో పేరు నాదే" అంది కుళ్ళాయమ్మ. "నన్ను అమ్మినారని మీరంతా చదివినారు. అమ్మినోడు ఎవడని అందులో లేదు. నేను తిరిగొచ్చి ఇరవై ఏండ్లయింది. ఆడ నిన్నేం చేసినారని అడిగినోళ్ళు ఉండారు. నిన్ను ఎవడు తీసుకపోయినాడని ఒక్కరు అడగలా. పోలీసోళ్ళు అడగలా. మా నాయనకు నేనే చెప్పబోతే నోరు మూసుకో అన్నాడు. అయ్యగారు గూడ అడగలా. నా పేరు అచ్చేసినారు కదా, వాని పేరు గూడ రాసుకోండి. చేతుల్లో పెన్నులు ఉండాయి."

ఎవరూ రాయలేదు. రుమాలు పట్టుకున్నామె దాన్ని ఏం చేయాలో తెలియక చూస్తోంది.

"మేస్త్రీ చౌడప్ప. కుడి చెవి తమ్మె సగం ఉండదు. వాడు నేపాలోడు కాదు, మనోడే. ధర్మవరం స్టేషన్‌లో నా చెయ్యి పట్టుకొని రైలెక్కిచ్చినాడు. ప్లాట్‌ఫారం నిండా మన జనమే ఉండిరి."

మైకు బల్ల మీద పెట్టేసింది. ఇమ్మానుయేలు పాట ఎత్తుకోమని రవితేజకు సైగ చేశాడు. రవితేజ గిటారు మీద చెయ్యి పెట్టేలోపే, ఆడవాళ్ళ వైపు చివరి వరుసలో లక్ష్మీనరసమ్మ లేచి నిలబడింది. ధర్మవరం సంఘంలో చాపలు పరిచి ఊడ్చే మనిషి. సభలో నోరెత్తడం ఆమెకు అదే మొదటిసారి.

"తమ్మె లేంది కుడి చెవికేనా అక్కా?"

"కుడి చెవికే."

"మొన్న బేస్తవారం కనగానపల్లిలో మా చెల్లెలింటికి వచ్చినాడు. ముసిలోడైనాడు. పిల్లను బెంగుళూరులో పనికి పెడ్తానన్నాడు. రేపు పొద్దున బస్సుకు పోతాండారు."

ఆ తర్వాత చర్చిలో పుట్టిన గుసగుస గురించి చెప్పడం దండగ. కుళ్ళాయమ్మ దిగి వచ్చి తన నీలం సంచి తీసుకుని, కనగానపల్లి పోదాం పద అని లక్ష్మీనరసమ్మతో అంది. ఇమ్మానుయేలు వెంటబడ్డాడు. టికెట్లు కొనేశాం, ఆశ్రమం వాళ్ళు ఎదురుచూస్తున్నారు, లక్ష్మీనరసమ్మ ఒక ఫోన్ చేసి చెబితే సరిపోతుంది కదా, పోలీసులు చూసుకుంటారు అన్నాడు. ఆ బండి తప్పితే నేపాల్ మళ్ళీ రాదని కూడా అన్నాడు. అది నిజమే, ఆమెకూ తెలుసు. లక్ష్మీనరసమ్మను వెంటబెట్టుకుని ధర్మవరం పోయే వ్యాను ఎక్కబోతూ, మెట్టు మీద ఒక్క నిమిషం ఆగింది.

"ఫోన్లో చెప్తే ఎవరు నమ్ముతారు అయ్యగారూ. ఎదురుగా నిలబడి చెప్పేటోళ్ళు ఉండాల" అంది.

ధర్మవరంలో వ్యాను ఆగింది. ఏడుగురు స్టేషన్ వైపు పోయారు. బ్యానరు వాళ్ళతోనే పోయింది. కుళ్ళాయమ్మ, లక్ష్మీనరసమ్మ ఆటో ఎక్కారు. దారిలోనే కుళ్ళాయమ్మ సంచి జేబులోంచి శిక్షణలో ఇచ్చిన కాగితం తీసింది. అందులోని నంబరుకు లక్ష్మీనరసమ్మ చేత ఫోన్ చేయించి, ఊరి పేరు, ఇంటి గుర్తు, చౌడప్ప పేరు, చెవి సంగతి అన్నీ చెప్పించింది. మనుషులను పంపుతామన్నారు.

పొద్దు వాలకముందే కనగానపల్లి చేరారు. లక్ష్మీనరసమ్మ చెల్లెలు వాకిట్లోనే ఎదురై, విషయం విని, నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన దేవుడులాంటి మనిషి అంది. పిల్ల బతుకు బాగుపడేవేళ ఈ పట్నంవాళ్ళకు కళ్ళు కుడుతున్నాయి అంది. ఆ మాటలే ఇరవై మూడేళ్ళ కిందట కుళ్ళాయమ్మ తల్లి అంది. చెల్లెలిని పక్కకు తప్పించి కుళ్ళాయమ్మ లోపలికి పోయింది.

పదిహేడేళ్ళ ఉషశ్రీ మంచం మీద కూర్చుని బట్టలు సర్దుకుంటోంది. ఒళ్ళో కవరులోంచి అప్పుడే తీసిన చిలకపచ్చ చీర. పెద్దమ్మ వెంట వచ్చిన కొత్త మనిషిని చూసి సిగ్గుగా నవ్వింది. కుళ్ళాయమ్మ అలవాటు కొద్దీ కొంగు చేతిలోకి తీసుకుంది. ఇంకా కుచ్చులు కట్టలేదు, పోగులు వదులుగా వేలాడుతున్నాయి.

"ఎట్లుండాది? మేస్త్రీ తాత తెచ్చినాడు" అంది ఉషశ్రీ.

"బాగుండాది" అంది కుళ్ళాయమ్మ. "నాకు వంకాయ రంగుది తెచ్చినాడు."

పిల్ల నవ్వు ఆగిపోయింది. వాకిట్లో తిట్లు కూడా ఆగాయి, తల్లి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. కుళ్ళాయమ్మ నీలం సంచి నేల మీద పెట్టి, ఉషశ్రీ పక్కన కూర్చుని, ఎవరూ అడగకుండానే, ధర్మవరంలో రైలెక్కిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.