పదికి నాలుగు వేసిన పాట

2023 మార్చి 14, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా ఆడపడుచు గొంతు మొదటిసారి ఆగిపోయింది. టికిరిలో వాళ్ళ ఇంటి వెనక రేకుల షెడ్డులో అయిదుగురం కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నాం. తను నలభై ఒకటో పాట పాడుతోంది. రెండో చరణం మూడో మాట దగ్గర స్వరం పోయి గాలి మిగిలింది. దగ్గింది, నీళ్ళు తాగింది, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది.

"పులుపు పట్టేసినట్టుంది వదినా. వచ్చే మంగళారం పాడతాన్లే," అంది.

ఆ రెండో చరణం నేను ఇప్పటికీ వినలేదు.

నాకు తేదీలు గుర్తుంటాయని మావాళ్ళు అంటారు. గుర్తుండవు, రాసుకుంటాను. కొరాపుట్ దగ్గర జలాశయం ఆఫీసులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు వాన కొలిచే ఉద్యోగం చేశాను. ఉదయం ఎనిమిదిన్నరకి పాత్ర తీసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి పుస్తకంలో ఎక్కించాలి. చినుకు పడని రోజు కూడా సున్నా వేయాలి. రిటైరయ్యాక కొలవడానికి వాన లేకపోయింది. మా ఆడపడుచు పాటలు దొరికాయి.

ఆమె నా భర్తకి చెల్లెలు, నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. మాది శ్రీకాకుళం వైపు. అన్న ఉద్యోగం చేసుకోవడానికి కొరాపుట్ వచ్చాడు, చెల్లెలు కోడలిగా టికిరి వచ్చింది. ఆమె భర్త చింతపండు, అల్లం, కొండచీపుర్లు కొని రాయగడ టోకు వ్యాపారులకి పంపేవాడు. పిల్లలు లేరు. అతను పోయాక దుకాణం అద్దెకిచ్చేసి షెడ్డు మాత్రం ఉంచుకుంది. చింతపండు రోజుల్లో కాశీపూర్ దారిలోని ఊళ్ళ నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చేవారు. కర్రసుత్తితో కాయ చితక్కొట్టి, పిక్క తీసి, పండు ఒక పక్క, పిక్క ఒక పక్క వేసేవారు. నా భర్త కూడా పోయాక నేను ప్రతి మంగళవారం కొరాపుట్‌లో పొద్దున్న బండెక్కి వెళ్ళి, సాయంత్రం నాలుగు గంటల బండికి తిరిగొచ్చేదాన్ని.

పాట ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చదువు అయిదో తరగతి. మాటా, వరసా రెండూ తనవే. కాశీపూర్ నుంచి రామనగుడ దాకా పెళ్ళివారు ఆమెని పిలిచేవారు. కానీ ఆమెకి ఒక నియమం ఉండేది. పని చేస్తున్న చేతులకే పాడేది. పెళ్ళి పందిట్లో పాడదు. వంటపాక దగ్గర కూరలు తరిగేవాళ్ళ మధ్య పీట వేసుకుని పాడేది.

రామనగుడలో ఒకసారి పెళ్ళివారు మైకు పెట్టి, నలభై మందిని కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఆమె వాళ్ళందరినీ ఒకసారి చూసింది.

"సేతులన్నీ ఖాళీయేనా? మరి నాకేటి పని ఇక్కడ?" అంది.

పెళ్ళికూతురి మేనత్త గడుసుది. వంటపాకలోంచి రెండు గోనెల చిక్కుడుకాయలు తెప్పించి అందరి ఒళ్ళోనూ పోసింది. పట్టుచీరల వాళ్ళు ఈనెలు తీస్తూ కూర్చుంటే ఆరు పాటలు పాడింది. నేను లెక్కపెట్టాను. మగవాళ్ళ వరసలో ఈనె సగమే తీశారు.

ఫోనులో రికార్డు చేద్దామని నేనొకసారి ప్రయత్నించాను. పాట సగంలో ఆపేసింది.

"ఆ సెయ్యి ఏటి సేస్తంది వదినా?"

"ఫోను పట్టుకుంది."

"పట్టుకోడం పని కాదు. సుత్తి తియ్యి."

కాగితం మీద రాసుకోవడాన్ని కూడా ఆమె పనిగా ఒప్పుకోలేదు. అందువల్ల పగలంతా పిక్క తీస్తూ విని, సాయంత్రం బండిలో కూర్చున్నాక జ్ఞాపకం మీద రాసేదాన్ని. పాట సంఖ్య, తేదీ, ఏ పని మీద పాడింది, ఎన్ని చరణాలు, పాట అయ్యేలోగా ఎన్ని బుట్టలు నిండాయి. చివర పదికి ఎన్ని మార్కులు. మంచి పాట ఏదో తేల్చాలంటే కొలత ఉండాలి కదా. కొత్త ఆలోచనకి నాలుగు, మాట పొందికకి మూడు, చెప్పిందే చెప్పకుండా ఉన్నందుకు మూడు. కొరాపుట్ చేరేలోగా అన్నీ రాయడం కుదిరేది కాదు. అందుకని ఏడు, ఆ పైన వచ్చినవి పూర్తిగా రాసి, తక్కినవాటికి మొదటి చరణంతో సరిపెట్టేదాన్ని.

పదిహేడో పాటకి తొమ్మిది వేశాను. కొరాపుట్, రాయగడల మధ్య బండి ఎన్ని సొరంగాల్లో దూరుతుందో ఆ దారిన పోయేవాళ్ళకి తెలుసు. పాట దాని మీదే.

సొరంగంలో బండి దూరితే సంటిదేడుపు ఆపింది
ఎల్తురొచ్చి సూసేలోగ తల్లి కళ్ళు తుడిసింది

ఇరవై మూడో పాట నా మీదే కట్టింది. వాన కొలిచే వదినమ్మా, కురవకుండా పోయిన మబ్బుకి కొలతెంత, అని అడుగుతుంది. దానికి తొమ్మిది రావాలి. నా మీద కట్టింది కాబట్టి ఒకటి తగ్గించి ఎనిమిది వేశాను.

ఎనిమిదో పాటకి నాలుగు. అది ఇంతే:

ఇంకొక్క పిక్క తీసి పోదువు గాని
కూకో అమ్మీ, కూకో

మొత్తం ఎనిమిది మాటలు. తక్కిన చరణాలన్నీ ఇవే. 'అమ్మీ' ఒక్కటి మారుతుంది. ఎవరు లేవబోతే వాళ్ళని పిలిచే వరస అక్కడ పడుతుంది. చెప్పిందే చెప్పడం కింద మూడు మార్కులూ తీసేసి, ఆలోచనకి కూడా కోత పెట్టాను.

ఆ మార్చిలో 'వచ్చే మంగళారం' మూడుసార్లు వచ్చింది. గొంతు రాలేదు. విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరు గొంతులో కంతి ఉందని, క్యాన్సరని, స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతుందని చెప్పాడు. ఏప్రిల్ 6న ఆపరేషన్. ముందురోజు ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే మాట గుసగుసలోకి దిగిపోయింది.

"గొంతు పోతే పోనీ వదినా. నా పాట నాకు ఇనిపిస్తే సాలు. నీ పుస్తకంలో అన్నీ ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. నలభై ఒకటి."

"అన్నీ రాసేవా?"

"తేదీలతో సహా రాసేను."

ఆమె నవ్వి కళ్ళు మూసుకుంది. నేను అబద్ధం చెప్పాననుకోలేదు. అన్నీ ఉన్నాయనే అనుకున్నాను. అయినా ఆ సాయంత్రం ఫోను తీసి, ఇప్పుడైనా పాడవే అమ్మీ అన్నాను. నియమం పక్కన పెట్టి, మంచం అంచు మీద వేలితో కొడుతూ ప్రయత్నించింది. రెండు నిమిషాల పది సెకన్లు. అందులో ఊపిరి ఉంది, వేలి చప్పుడుంది. పాట లేదు.

జూన్ 20, మంగళవారం, పుస్తకం పట్టుకుని టికిరి వెళ్ళాను. మెడకి పల్చటి గుడ్డ కట్టుకుని, దాని కిందున్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటోంది. పక్కన పలక, సుద్దముక్క. నా చేతికి బియ్యం చేట ఇచ్చి, తనొకటి తీసుకుంది. రాళ్ళేరుతూ నేను పదిహేడో పాట చదివాను. సొరంగం పాట, పన్నెండు చరణాలు. ఒక్క మాట తప్పలేదు. చదవడం అయ్యాక తల ఎత్తాను. ఆమె ఇంకా ఎదురుచూస్తోంది. చెయ్యి గాలిలో ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊపింది. వరస ఏదీ, అని.

నాకు అప్పుడు తెలిసింది. మాట రాశాను, బుట్టలు రాశాను, వరస ఎక్కడా రాయలేదు. రాయడం నాకు రాదు. పాడటం అసలు రాదు. అయినా పాడాను. నాలుగో మాటకి ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నొచ్చుకుందేమోనని ఆగాను. కాదు, నవ్వుతోంది. పలక మీద రాసింది.

"వదినా, అది పాట కాదు. గేదె ఈనతంది."

నేనూ నవ్వాను. తరవాత ఆమె పలక తుడిచి, చేటలో ఇంకో గుప్పెడు బియ్యం ఏరింది. చివరికి రాసింది: "ఎనిమిదోది సదువు."

ఆ పేజీ తీశాను. రెండు లైన్లు. పక్కన నాలుగు అంకె. అది ఆమె చూడకూడదని బొటనవేలు అడ్డం పెట్టాను. నా వేలు తీసి చూసింది. చేటలో రాళ్ళు మళ్ళీ ఏరింది. ఆ రోజు ఇద్దరం కలిసి పదిహేను రాళ్ళు ఏరాం. ఆ లెక్క ఎందుకు రాసుకున్నానో తెలియదు.

తరవాత నెలల్లో నేను చేయగలిగింది చేశాను. పని చేసే ముగ్గురినీ వాళ్ళ ఊళ్ళకి వెళ్ళి కలిశాను. వరస పాడమంటే వాళ్ళకీ రాలేదు. వాళ్ళలో పెద్దామె తెలుగు బాగానే మాట్లాడుతుంది, మధ్యలో ఒడియా కలుస్తుంది.

"ఊరికే కూకుంటే ఎలగొస్తాది మావుసీ? సేతిలో ఏటీ నేదు. పండు రానీ," అంది.

మావుసీ అంటే పిన్ని. నాకన్నా ఆమే పెద్దదేమో. అయినా పండు వచ్చేదాకా ఆగడం తప్ప దారి లేదు.

2024 మార్చి 12, మంగళవారం. మళ్ళీ అయిదుగురం షెడ్డులో కూర్చున్నాం. దుమ్ము ఊపిరిలో పోకుండా మా ఆడపడుచు మెడ గుడ్డని తడిపి కట్టుకుంది. సుత్తులు మొదలయ్యాయి. నేను పుస్తకం చూడకుండా సొరంగం పాట మొదటి చరణం చెప్పాను. ఒకామె ఎత్తుకోబోయి ఆగింది. ఇంకొకామె వేరే దారిలో వెళ్ళింది. మా ఆడపడుచు తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడ్డంగా ఊపింది. పదిహేడోది, ఇరవై మూడోది, ముప్ఫై ఒకటోది, నేను తొమ్మిదీ ఎనిమిదీ వేసినవన్నీ అలాగే పోయాయి. మాటలు మెలికలు తిరిగిన పాటలవి. వాళ్ళు విని సంతోషించారే గాని నోటికి ఎక్కించుకోలేదు. మధ్యాహ్నానికి ఒక్క వరసా దొరకలేదు. మా ఆడపడుచు తల ఊపడం కూడా మానేసి, వంగి పిక్క తీసుకుంటోంది. ఆ వంగిన మెడ చూడలేక నేను గడియారం చూశాను. మూడూ ఇరవై. స్టేషనుకి నడవడానికి పాతిక నిమిషాలు పడుతుంది. సుత్తి పక్కన పెట్టి, చీర దులుపుకుని లేవబోయాను.

పెద్దామె చెయ్యి ఆపకుండా, తల ఎత్తకుండా అంది. అనలేదు, పాడింది.

ఇంకొక్క పిక్క తీసి పోదువు గాని
కూకో మావుసీ, కూకో

తక్కిన ఇద్దరూ అందుకున్నారు. ఎవరూ వెతుక్కోలేదు, ఆగలేదు. నేను మొదటి చరణంతో వదిలేసిన పాట వాళ్ళ నోళ్ళలో పూర్తిగా ఉంది. ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం ఎవరో ఒకరు ఇంటికి లేవబోయేవారు, రోజూ ఆ పాట వచ్చేది. నేను మంగళవారం మనిషిని. నాలుగు గంటల బండికి ముందే వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళంతా వెళ్ళిపోయాక ఈ ఇంట్లో ఇంకెవరూ ఉండరన్న సంగతి నాకు తెలియనిది కాదు. మార్కులు వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

మా ఆడపడుచు తల ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. సుత్తి ఎత్తి పాట తాళానికి దించింది. వాళ్ళు పాడుతున్నారు, తను కొడుతోంది. పాట ఒక్కొక్కరి వరస మీదుగా చుట్టూ తిరిగింది. ఒక దగ్గర తను చెయ్యి ఎత్తి అందరినీ ఆపింది. పలక తీసుకుని ఒక్క మాట రాసి, వాళ్ళకి చదవడం రాదు కాబట్టి నా వైపు తిప్పింది.

"వదినా."

ఆ చరణం నేనే పాడాలన్న మాట. నా మీద, నాకే. పాడాను. గేదె సంగతి ఎవరూ ఎత్తలేదు. సుత్తి నాకోసం కొంచెం నెమ్మదించింది. పాడుతూనే కూర్చున్నాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేలోగా, నేను ఏడుకి లోపు వేసిన పాటలే ఇంకో నాలుగు వచ్చాయి. ఆ పండు రోజులు అయ్యేసరికి మొత్తం పదకొండు. చివరి మంగళవారాల్లో, బుట్టల లెక్క చెప్పి, దాన్నిబట్టి ఎంత మెల్లగా కొట్టాలో గుర్తుచేస్తే, పెద్ద పాటల్లో కూడా అయిదింటికి వరస కలిసింది. కలిసినప్పుడల్లా మా ఆడపడుచు సుత్తితో రెండు దెబ్బలు కొట్టేది. సొరంగం పాటకి ఆ రెండు దెబ్బలు ఇంకా పడలేదు.

ఎనిమిదో పాట పక్కన నాలుగు కొట్టేశాను. కొత్త అంకె ఏమీ వేయలేదు. ఆమె పుస్తకం తీసుకుని చూసి, పలక మీద "సున్నా ఏసేవా?" అని రాసింది. కాదే అమ్మీ, ఖాళీ, అన్నాను.

ఈ రోజు వరకు లెక్క ఇది. పాటలు నలభై ఒకటి. నేను పూర్తిగా రాసినవి ఇరవై మూడు, మొదటి చరణంతో వదిలేసినవి పద్దెనిమిది. ఆ పద్దెనిమిదిలో ఆడవాళ్ళు తిరిగిచ్చినవి పదకొండు. పోయినవి: ఏడు పాటల మాటలు, ఇరవై అయిదు పాటల వరసలు, ఒక గొంతు. మార్చి 12న, నాలుగు గంటల బండి ఒకటి.