నేను వేసిన అంకె

అరవై నిండాయని మా కొత్తవాడ జంపఖానా నేతగాడిని చేనేత సంఘం షెడ్డులో మగ్గం మీంచి దించేశారు. ఆయన చెయ్యి వణకలేదు, చూపు తగ్గలేదు. నిండింది కాగితం మీది అంకె మాత్రమే.

ఆ వెడల్పు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఎడమవైపు ఆయన, కుడివైపు ఆయన భార్య. ఎవరైనా వయసు అడిగితే ఆయన నేసిన జంపఖానా నడుమ వేలు పెట్టి చూపేవాడు.

"నా పోగు ఆమె పోగుతోని ఈడ కలుస్తాందా లేదా? అది చూడు. ఏండ్లతోని నీకేం పని?"

"కలవకుంటే నేనూకుంటనా?" అనేది ఆమె, తలెత్తకుండానే.

ఆ అంకె వేసింది నేనే. బడికి పోకపోయినా అక్షరాలు నేర్చినవాణ్ని కాబట్టి, వాడకట్టు రేషన్ కార్డు ఫారాలన్నీ నేనే నింపేవాణ్ని.

"ఎప్పుడు పుట్టినవ్ బావా?" అని ఆయన్ని అడిగాను, వరసకు బావ కాబట్టి.

"మా అవ్వ పాయె, ఇంకెవర్నడుగుత? నీకు తోచింది రాయి బామ్మర్దీ" అన్నాడు.

నెరిసిన జుట్టు చూసి రాసేశాను. తర్వాతి కాగితాలన్నీ దాన్నే నమ్ముకున్నాయి.

ఆయన దిగిన నాటినుంచి ఆమె కూడా మగ్గం ఎక్కలేదు. తప్పు నాదని ఒప్పుకుంటూ సంఘానికి మూడు అర్జీలు పెట్టాను. నా అంచనాను కాదు, ఆయన పనిని చూడండి అని రాశాను. మొన్న జవాబు వచ్చింది:

"రికార్డుల ప్రకారం అరవై నిండినందున వారిని తిరిగి తీసుకొనుటకు వీలు లేదు. వారి భార్యకు ఇంకా రెండేండ్లు ఉన్నవి. ఆమె పక్కన వేరొకరిని కూర్చోబెట్టగలము."