డబ్బా కొట్టుడు

మా అక్క భర్త, అంటే మా బావ, పెళ్లి బ్యాండులో గడులు గడులుగా ఉండే ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ను పుల్లలతో వాయించేవాడు. ఆలేరులో ఒక బరాతు ఊరేగింపులో ఆయన దరువు విని స్టేషన్లో ఆగిన రైలు కదలనన్నదనీ, గార్డు జెండా చంకన పెట్టుకొని చిందేశాడనీ నేను చాలామందికి చెప్పాను. బావ ఒక్కసారి కూడా కాదనలేదు. "మా బామ్మర్ది డబ్బా కొట్టుడు షురూ చేసిండు" అని నవ్వేవాడు. గొప్పలు చెప్పడాన్ని మా దగ్గర అలాగే అంటారు. తన ప్యాడ్‌ను కూడా ఆయన డబ్బా అనే పిలిచేవాడు.

పక్షవాతం వచ్చి కాస్త తేరుకున్నాక, ఆ డబ్బా పట్టుకొని నల్గొండలో నేను పాటలు రికార్డు చేసే గదికి వచ్చాడు. పెళ్లిళ్లు దగ్గర పడ్డాయి. వస్తాడో రాడో అని బ్యాండువాళ్లు ఆయన మాట కోసం చూస్తున్నారు.

"జర చూడురా. ఎడమ దిక్కు కొడితే సప్పుడు వస్తలేదు. డబ్బా ఖరాబైనట్టుంది."

వైరుతో కంప్యూటర్‌కు కలిపాను. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న కిటికీ ఉంటుంది. డబ్బా మీద పడిన ప్రతి దెబ్బకూ అందులో ఒక వరుస వస్తుంది. ఏ గడి మీద పడిందో, ఎంత బలంగా పడిందో చూపిస్తుంది. దెబ్బ కంప్యూటర్‌కు అందిందో లేదో దాని దగ్గర దాగదు.

బావ కుడిచేత్తో కొట్టాడు. వరుసలు జలజలా రాలాయి. ఎడమచేత్తో కొట్టాడు. పుల్ల గడిని తాకడం నేను చూశాను. కిటికీ ఖాళీ. పెదవి కరుచుకొని మళ్లీ కొట్టాడు. ఏమీ రాలేదు.

"ఏమంటాంది?"

"వైరుల చీమలు జొరబడ్డయి బావా. ఎడమ దిక్కు సప్పుళ్లన్నీ వానకాలానికని మోసుకపోతున్నయ్."

ఆయన నవ్వలేదు. పుల్ల నా చేతికిచ్చాడు.

"గదే గడి మీద నువ్వు కొట్టు."

గట్టిగా కొడితే వరుస వస్తుంది. డబ్బా బాగానే ఉందని తేలిపోతుంది. ఈగ వాలినట్టు ఆనించాను. కిటికీ ఖాళీగానే ఉంది. బావ మాత్రం కిటికీ వైపు చూడలేదు, నా మణికట్టునే చూస్తున్నాడు.

"పుట్టినకాన్నుంచి డబ్బా గట్టిగనే కొడ్తివి గద బామ్మర్ది. ఇయ్యాల గింత మెల్లగనా?"

పుల్ల డబ్బా మీద పెట్టేశాను. ఆయన ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సరే, చీమలే. కొత్త వైరు వచ్చేదాంక నేను రానని బ్యాండోళ్లకు నువ్వే చెప్పు. నువ్వు చెప్తే ఎవ్వడు నమ్మడు గని, నవ్వుతరు."

చెప్పాను. నవ్వారు.

డబ్బా ఇంకా నా గదిలోనే ఉంది. అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడల్లా బావ కూర్చోబెట్టి అన్నీ అడుగుతాడు, వైరు సంగతి తప్ప.