తెర మీద నా పాస్‌వర్డ్

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మాది తెనాలి. మన్సూరాబాద్‌లో కాపురముంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. నా క్లాసులో పిల్లలందరూ ఇక్కడివాళ్లే. ఊరేగింపుల్లో అరిచి గొంతు బొంగురుపోయినా టైముకు క్లాసుకు వచ్చేసేవాళ్లు. రాజకీయాలు నేనెత్తేదాన్ని కాదు, వాళ్లూ ఎత్తేవాళ్లు కాదు.

ఆ వారం పాఠం, పాస్‌వర్డులు ఎలా దొంగిలిస్తారన్నది. కీబోర్డు మీద మనం ఏం కొట్టినా గుట్టుగా రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి, పిల్లలకు చూపించడానికని ముందురోజే నా కంప్యూటర్‌లో వేశాను. వేసిన సంగతి మర్చిపోయి, అందులోనే నా మెయిల్ చూసుకుని ఇంటికి పోయాను.

మర్నాడు "దొంగకు ఏమేం దొరుకుతాయో చూడండి" అంటూ ఆ ఫైలు తెరిచి ప్రొజెక్టర్‌లో వేశాను. తెర నిండా నా మెయిల్ ఐడీ. దాని కిందే నా పాస్‌వర్డ్, సమైక్యాంధ్ర.

ఫైలు మూసేద్దామని గబుక్కున మౌసు అందుకున్నాను. పొద్దున ఎల్బీనగర్ ధర్నాలో కూర్చుని వచ్చిన నర్సింహ లేచి నిలబడ్డాడు.

"మేడం, అంకెలు లేకుంట పాస్‌వర్డ్ పెట్టొద్దని మీరే చెప్పిన్రు గదా. గిదేంది మరి? జర గట్టిది పెట్టుకోండ్రి" అని, కూర్చుని నోట్సు రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో నాకు అందరూ సలహాలిచ్చేవాళ్లే. నేను పాటించింది నర్సింహ ఇచ్చినదొక్కటే. క్లాసు అవగానే మార్చేశాను, పాస్‌వర్డ్ వరకే.