బాపు చెయ్యి చేయని తప్పు

మా బాపు గడియారాన్ని పళ్లతో వినేవాడు.

సూరత్ వచ్చిన కొత్తలో పన్నెండేళ్లు సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. ఆ మోతకు చెవులు పోయాయి. మేముండే వడోద్ బస్తీలో సాంచాల పని చేసినవాళ్లందరిదీ అదే కథ. ఇక్కడ మొగుడూ పెళ్లాలు ప్రేమగా మాట్లాడుకున్నా పక్కింటికి తగాదాలాగే వినిపిస్తుంది. ఇక నేత పని వద్దనుకుని బాపు, పాత సూరత్‌లో ఒక గుజరాతీ ముసలాయన దగ్గర గడియారాల పని నేర్చుకున్నాడు. చెవిటివాడికి ఈ పనేంటని అందరూ నవ్వారట. ఆ ముసలాయన మాత్రం గడియారం అంచును ముందుపళ్ల మధ్య పెట్టుకోమన్నాడట. ఎముకలోంచి టిక్‌టిక్ లోపలికి వచ్చిందని బాపు చెప్పేవాడు.

పక్కింటి చిన్నమ్మ బాపు దుకాణం ముందు నుంచి పోతూ ఊరుకునేది కాదు. "గడియారం నవులుతున్నవా ఏంది అన్నా? ఆకలైతే చెప్పు, రొట్టె తెస్త!" అని అరిచేది.

"రొట్టె టైం చెప్పదు గద చెల్లే," అనేవాడు బాపు, గడియారం నోట్లోంచి తీయకుండానే.

దుకాణం ఒక సాంచాల కార్ఖానా గోడకు ఆనుకుని ఉండేది. లోపల సాంచాలు నడిచినంతసేపూ బాపు బల్ల సన్నగా వణికేది. అందుకని మామూలు రోజుల్లో పట్టీలు, అద్దాలు, బ్యాటరీలు మాత్రమే మార్చేవాడు. బ్యాటరీ మార్చడమంటే ఆయనకు చిన్నచూపు. "గిది వైద్యం కాదు బిడ్డా, గోలీ వేసుడు," అనేవాడు. వారంలో ఒకరోజు కార్ఖానాకు సెలవు. కీ ఇచ్చే పాత గడియారాల లోపలి పనంతా ఆ రోజే. అప్పటిదాకా విప్పిన భాగాల మీద చాయ్ గ్లాసు బోర్లించి పెట్టేవాడు, నూలు దుమ్ము పడకుండా. ఆ గ్లాసు ఎవరూ ఎత్తకూడదు. నేను కూడా.

నా డిగ్రీ చివరి ఏడాదిలో బాపు కళ్లకు షుగరు ఎక్కింది. దుకాణం మూసెయ్యమని అమ్మ పోరు పెట్టింది. ఒకరోజు అన్నం తింటూ బాపు తేల్చేశాడు: "నా చెయ్యి ఒక్క గడియారం ఖరాబు చేసిన్నాడు నేనే షట్టర్ దించుత. అందాక నన్నెవ్వరు అడగొద్దు."

ఆ మరుసటి నెలలోనే చిన్నమ్మ తన భర్త గడియారం తెచ్చింది. ఆయనా బాపూ ఒకే రైల్లో సూరత్ వచ్చినవాళ్లు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు ఫొటో ముందు ఆ గడియారం నడుస్తూ ఉండాలని ఆమె కోరిక. బాపు దాన్ని విప్పి, కడిగి, గ్లాసు కింద పెట్టాడు.

మర్నాడు ఆయన కంటి ఆసుపత్రికి వెళ్లాడు. నేను దుకాణంలో కూర్చున్నాను. గ్లాసు కింద బాల్ కమాన్ కనిపిస్తోంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగ్, చుట్లు చుట్లుగా. గడియారానికి ప్రాణం అదే. నేనేం చూసినా నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. దాని చుట్లు గీసుకుందామనిపించింది. గ్లాసు ఎత్తాను. గోడ అవతల సాంచాలు నడుస్తున్నాయి. బల్ల వణికింది, నా పెన్సిల్ మొన తగిలింది. సరిచేద్దామని బాపు చిమ్టీ, ఆ సన్నమొనల పట్టుకారు, అందుకున్నాను. ఒక చుట్టు ఇంకో చుట్టు మీదికెక్కి వంగిపోయింది.

గ్లాసు మళ్లీ బోర్లించాను.

సెలవు రోజు వచ్చింది. బాపు కంటికి అద్దం బిగించుకుని, అదే చిమ్టీతో కమాన్‌ను లేపి బిగించాడు. గడియారం పళ్ల మధ్య పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ విప్పాడు. మధ్యాహ్నందాకా మూడుసార్లు అదే పని. కార్ఖానా ఆగి ఉంది కాబట్టి ఆయన ఊపిరి నాకు వినపడుతూనే ఉంది. చివరికి కమాన్‌ను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"నేనే వంచిన," అన్నాడు. "పట్టుకునేటప్పుడే వంగింది. చెయ్యి వణికింది, నాకు తెల్వలే."

అప్పుడే చెప్పాల్సింది. కానీ బాపుతో ఇంత మాట చెప్పాలంటే అరిచి చెప్పాలి. సాంచాలు ఆగిన రోజు అరిస్తే గల్లీ అంతా వింటుంది. అరుగు మీద చిన్నమ్మ కూర్చుని ఉంది. పుట్టిన దగ్గర్నుంచి బాపుతో సైగలతో నెట్టుకురావడమే తప్ప నేను గొంతెత్తి మాట్లాడింది లేదు. ఇదంతా సాకు అని నాకు అప్పుడూ తెలుసు.

చిన్నమ్మ లేచి వచ్చింది. "పోనీ అన్నా, ఆయన ఉన్నప్పుడు గూడ అది ఎన్నడు సరిగ నడిచింది గనుక," అని నవ్వి, గడియారాన్ని కొంగులో ముడేసుకుంది. ఆ నవ్వుకు బాపు తల ఇంకా దించుకున్నాడు.

వారం తిరగకుండానే కడోదరా నుంచి ఒక గడియారాల ఆయన వచ్చి పనిముట్లు తీసుకెళ్లాడు. "కండ్లు మసకైతె అద్దం మారుస్త. చెయ్యి అబద్ధమాడితె ఏం జెయ్యాలె?" అని బాపు ఆయన్ను అడిగాడు. ఆయన పనిముట్ల పెట్టె మూత వేశాడు. నేను పక్కనే నిలబడి పెట్టెకు తాడు కడుతున్నాను.

ఆ తర్వాత మూడేళ్లు బాపు కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది ఇంకెవరిదో అయినట్టు చూస్తూ గడిపాడు. అన్నం ముద్ద జారినా దాన్నే తిట్టేవాడు. అమ్మ తలుపు గడియ బిగించమంటే, "నాతోని గాదు," అని లేచి వెళ్లిపోయేవాడు.

కిందటి వానాకాలం ఆసుపత్రిలో చేర్చాం. పెద్ద వార్డు, అటూ ఇటూ మంచాలు, చప్పుడు లేదు. ఆ కమాన్ సంగతి చెప్పేద్దామని వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. బాపు కళ్లు తెరిచి నా పెదాల వైపు చూశాడు. గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వార్డంతా తిరిగి చూసింది.

"నీళ్లు తాగుతవా బాపూ?" అని అడిగాను.